అది కౌన్సెలింగా, చీవాట్లా?

"కౌన్సెలింగ్" అనే మాట మన పేటల్లోకి మూడు దారుల్లో వచ్చింది. ఎంసెట్ రాసిన పిల్లలకి సీట్లిచ్చే కౌన్సెలింగ్ ఒకటి. మా టీచర్లకి బదిలీల కౌన్సెలింగ్ రెండోది, దాని సంగతి ఇంకోసారి రాస్తాం. మూడోది ఎయిడ్స్ పరీక్షల గదుల్లోంచి వచ్చింది. ఆ గదిలో "పాజిటివ్" అన్నారంటే ఆ మనిషి పని అయిపోయినట్టేనని మనవాళ్ళు నేర్చుకున్నారు. ఇప్పుడు నాలుగో కౌన్సెలింగ్ వచ్చింది. తల్లిదండ్రుల రక్తంలోంచి పుట్టబోయే బిడ్డకి ఏ జబ్బులు రావచ్చో, వాటికి ఏం చెయ్యొచ్చో చెప్పే కౌన్సెలింగ్. జన్యు సలహా అని పుస్తకాల్లో రాస్తారు. సలహా అంటే ఇద్దరు కూర్చుని మాట్లాడుకునేది. ఆ గదిలో మనవాళ్ళతో మాట్లాడే తీరు మేము కళ్ళారా చూశాం, చెవులారా విన్నాం. అందుకే ఈ నాలుగు ముక్కలు.

కడియం పక్క ఒక పేట. భర్త కొబ్బరి దింపు పనికి వెళ్తాడు. భార్య నర్సరీల్లో కూలి, ఏడో తరగతి దాకా చదివింది, సంతకం పెడుతుంది. వాళ్ళ మొదటి బిడ్డ మగపిల్లాడు. ఆరు నెలల దాకా బాగానే ఉన్నాడు, తర్వాత తెల్లగా పాలిపోయాడు. ఊళ్ళో ఆర్‌ఎంపీ టానిక్కులు రాశాడు, పాస్టరుగారు ప్రార్థన చేశారు, ముసలమ్మలు తాయెత్తు కట్టారు. తొమ్మిదో నెలలో పట్నం ఆస్పత్రివాళ్ళు తలసీమియా మేజర్ అని తేల్చారు. అప్పట్నుంచి మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంలోంచి ఇనుము ఒంట్లో పేరుకుంటుంది, అది దిగడానికి మళ్ళీ మందు వాడాలి. ఇప్పుడు వాడికి ఆరేళ్ళు. మా బళ్ళోనే ఒకటో తరగతి.

వాడికి మూడేళ్ళప్పుడు ఆస్పత్రివాళ్ళు తల్లిదండ్రుల్ని కౌన్సెలింగ్‌కి రమ్మన్నారు. తోడు రమ్మంటే మేమూ వెళ్ళాం. ఆస్పత్రి పేరు రాయడం లేదు. ఈ పత్రిక చదివే సగం మందికి ఇలాంటి ఆస్పత్రి ఒకటి తెలిసే ఉంటుంది.

గది అంటారు గానీ అది వరండాకి అడ్డంగా పెట్టిన చెక్క. బయట అటెండరు "తలసీమియావాళ్ళు రండి" అని సంతలో పాట పాడినట్టు కేక పెట్టాడు. వరండాలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. లోపల తెల్లకోటు వేసుకున్న అమ్మాయి. చిన్నపిల్లే, పాతికేళ్ళుంటాయి. ఆమె మీద మాకు కోపం లేదు. ఆమెకి ఎవరు ఎలా నేర్పారో అలాగే మాట్లాడింది. తల ఎత్తకుండా అడిగిన మొదటి ప్రశ్న:

"మీది మేనరికమేనా?"

"కాదండి."

"దగ్గర సంబంధమేదో ఉండే ఉంటుంది. మీవాళ్ళలో అంతేగా."

కాగితం మీద ఏదో టిక్కు పెట్టేసింది. నిజానికి అతనిది పి.గన్నవరం వైపు, ఆమెది తణుకు వైపు. మధ్యలో గోదావరి పాయలే అడ్డం. చర్చిలో పెద్దలు కుదిర్చిన సంబంధం. రెండు కుటుంబాలకీ ఏడు తరాల్లో చుట్టరికం లేదు. ఎవరడిగారు? ఆ తర్వాత గడగడా చెప్పేసింది. ఇద్దరూ క్యారియర్లు, మైనర్. ప్రతి ప్రెగ్నెన్సీకి ట్వెంటీఫైవ్ పర్సెంట్ రిస్క్. నెక్స్ట్ టైమ్ ఎర్లీగా రావాలి, ప్రీనేటల్ చేయించుకోవాలి, ఇలాంటి బిడ్డ మళ్ళీ పుట్టకుండా చూసుకోవాలి, డెసిషన్ మీ ఇష్టం. ఇక్కడ సంతకం పెట్టండి. కాగితం ఇంగ్లీషులో ఉంది. ఆమె సంతకం పెట్టింది. మొత్తం నాలుగు నిమిషాలు పట్టిందేమో.

"ఇలాంటి బిడ్డ" తల్లి ఒళ్ళోనే కూర్చుని ఉన్నాడు. వింటున్నాడు.

బయటికొచ్చాక బస్సు కోసం నిలబడి ఉండగా అతను అన్నాడు: "కేరియరంటే అన్నం కేరియరే తెలుసండి మాస్టారూ మాకు." మేము నవ్వేశాం. ఆమె అంది: "నలుగుర్లో ఒకరికి వస్తాదన్నారు కదండీ. ఒకడికి వచ్చేసింది. ఇంక ముగ్గురు బాగుంటారండి." బస్సు వచ్చేసింది. "అవును చెల్లమ్మా, ధైర్యంగా ఉండు" అన్నాం.

ఇరవై ఏళ్ళుగా పదో తరగతి పిల్లలకి జీవశాస్త్రం చెబుతున్నాం మేము. మెండెల్ బఠాణీ మొక్కలు, మూడుకి ఒకటి నిష్పత్తి, బోర్డు మీద నాలుగు గళ్ళ పట్టిక. అయినా ఆ చెల్లెలు అంత పొరపాటు మాట మా ఎదురుగా అంటే మాకు వినపడలేదు. వినపడి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన అవసరం ఉండేది కాదు. ఆస్పత్రిని తిట్టడానికి ముందు ఈ తప్పు ఒప్పుకోవాలి కదా, ఒప్పుకుంటున్నాం.

రెండేళ్ళకి ఆమెకి మళ్ళీ నెల తప్పింది. ఒకడికి వచ్చేసింది కదా, మిగతావాళ్ళకి భయం లేదన్న నమ్మకంతో అయిదో నెల దాకా ఆస్పత్రి మొహం చూడలేదు. ఆశ వర్కరు గట్టిగా చెబితే వెళ్ళింది. "ఇంత లేటుగా వస్తే ఏం చేస్తాం? ముందే చెప్పాం కదా!" అని కేకలేశారు. ముందే చెప్పారా? "ఎర్లీగా" అని చెప్పారు. ఎర్లీ అంటే ఎన్నో వారం? మావి ముక్క తీసి చూసే పరీక్ష పదకొండో వారం దగ్గర చేస్తారు. ఉమ్మనీరు తీసి చూసేది పదహారో వారం దగ్గర. అంతకంటే ముందు తల్లిదండ్రుల రక్తంలో లోపం సరిగ్గా ఏ అక్షరం దగ్గర ఉందో కనిపెట్టి పెట్టుకోవాలి, దానికి టైము పడుతుంది. అంటే నెల తప్పకముందే మొదలుపెట్టాల్సిన పని అది. కూలికి వెళ్ళే ఆడమనిషికి "రెండో నెల దాటకుండా రా, ఫలానా గదికి రా, ఫలానా కాగితం తీసుకురా" అని తెలుగులో చెప్పడానికి అర నిమిషం పట్టదు. ఆ అర నిమిషం ఖర్చు పెట్టలేదు.

కొందరు అడుగుతారని తెలుసు: ముందే తెలిస్తే ఆమె కడుపు తీయించుకునేదా? మాకు తెలియదు. తెలుసుకునే హక్కు మాకు లేదు, పాస్టరుగారికి లేదు, భర్తకీ లేదు. ఉంచుకుంటానన్నా, వద్దన్నా అది ఆమె మాట. ఆ ప్రశ్న టైముకి ఆమె ముందు పెట్టలేదన్నదే మా తగాదా.

ఆ తర్వాత ఒక ఆదివారం వాళ్ళింటి అరుగు మీద కూర్చుని చింతపిక్కలతో చెప్పాం. అష్టాచెమ్మా ఆడని ఆడపిల్ల మన దగ్గర ఉందా? చింతపిక్కని రెండు బద్దలు చేస్తే ఒకవైపు నలుపు, ఒకవైపు తెలుపు. తండ్రి బద్ద ఒకటి, తల్లి బద్ద ఒకటి. నలుపు మంచి పాలు, తెలుపు లోపం ఉన్న పాలు. క్యారియర్ అంటే ఒక బద్ద రెండు వైపులా ఉన్నట్టు, మనిషిలో మంచీ ఉంది, లోపమూ ఉంది. మంచిది పనిచేస్తుంది కాబట్టి మనిషికి జబ్బు ఉండదు. ఆ మాటకొస్తే అతను రోజుకి ఇన్ని చెట్లెక్కుతాడు, జబ్బు మనిషి ఎక్కగలడా? బిడ్డ పుట్టే ప్రతిసారీ రెండు బద్దలూ వెయ్యాలి. రెండూ తెలుపు పడితే తలసీమియా మేజర్. ఒకటి తెలుపు ఒకటి నలుపు పడితే అమ్మానాన్నల్లాగే ఒట్టి క్యారియర్. రెండూ నలుపైతే ఏమీ లేదు. ఇరవైసార్లు వెయ్యమన్నాం. వేసింది. ఒకసారి వరసగా రెండుసార్లు తెలుపూ తెలుపూ పడింది. బద్దలు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"అయితే పోయినసారి పడిందాన్ని ఇది గుర్తు పెట్టుకోదన్నమాట మాస్టారూ."

అంతే. అదే జన్యుశాస్త్రం. పావుగంట కూడా పట్టలేదు. మరి ఆ గదిలో ఎందుకు జరగలేదు? వాళ్ళకి చింతపిక్కలు దొరకవనా? మనవాళ్ళకి అర్థం కాదని ముందే తీర్మానం చేసుకుని కూర్చుంటారు గనక.

మాటలు చూడండి. "మైనర్" అంటే మనవాళ్ళకి పద్దెనిమిదేళ్ళు నిండని పిల్ల. "పాజిటివ్" అంటే ఎయిడ్స్. "క్యారియర్" అంటే అన్నం డబ్బా. "రిస్క్" అంటే ప్రాణం పోవడం. "నార్మల్" అంటే ఆపరేషన్ లేని కాన్పు. ఒక్కో మాటకీ ఆ గదిలో ఒక అర్థం, మన పేటలో ఒక అర్థం. ఈ రెండు అర్థాల మధ్య ఎవరు నడిచి రావాలి? చదువుకున్నవాడు నడిచి రావాలా, రోజుకూలి పోగొట్టుకుని రెండు బస్సులు మారి వచ్చిన ఆడది నడిచి రావాలా? ఊళ్ళో దొరల ముందు మనవాళ్ళు చేతులు కట్టుకుని "అలాగేనండి, అలాగేనండి" అనడం అలవాటు చేసుకున్నారు. బతకడానికి నేర్చుకున్న విద్య అది. ఆస్పత్రిలోనూ అదే చేస్తారు. "అర్థమైందా?" అంటే "ఆయ్, అర్థమైందండి" అంటారు. ఆ "ఆయ్" విని అర్థమైందని కాగితం మీద రాసుకునే కౌన్సెలర్‌కి ఈ దేశం సంగతి తెలియదనుకోవాలి. అర్థమైందా అని అడగడం కాదు, "నేను చెప్పింది ఇంటికెళ్ళి మీ అత్తగారికి ఎలా చెబుతావమ్మా, నాకోసారి చెప్పు" అని అడగాలి. ఆ ఒక్క మాట అడిగి ఉంటే "ఇంక ముగ్గురు బాగుంటారండి" అన్న ముక్క ఆ గదిలోనే బయటపడేది.

ఇక మేనరికం. ఆ మాట మీద కాస్త గట్టిగానే మాట్లాడాలి.

మేనరికాలు మంచివని మేము అనడం లేదు. అక్క కూతుర్ని తమ్ముడు చేసుకోవడం, మేనత్త మేనమామ పిల్లలు చేసుకోవడం మానుకుంటేనే మేలు. పేటల్లో మేము ఇదే చెబుతున్నాం, ఇక ముందూ చెబుతాం. కానీ అబద్ధం చెప్పి భయపెట్టం. ఏ పెళ్ళిలోనైనా నూటికి ఇద్దరు ముగ్గురు బిడ్డలు ఏదో ఒక లోపంతో పుడతారు. మేనత్త మేనమామ పిల్లల పెళ్ళిలో అది ఇంచుమించు రెట్టింపవుతుంది. అక్క కూతురి సంబంధంలో ఇంకా ఎక్కువ. అంటే మేనబావని చేసుకున్నవాళ్ళకి కూడా ఎక్కువమంది బిడ్డలు శుభ్రంగానే పుడతారు. ఈ లెక్క చెప్పరు. "మేనరికం చేసుకున్నారు, అనుభవించండి" అంటారు.

పైగా అది "మీవాళ్ళ" అలవాటట! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో నాలుగింట ఒక వంతు పెళ్ళిళ్ళు దగ్గర బంధువుల మధ్యనే జరిగినట్టు తేలింది. ఆ పాతిక శాతం అంతా మాలపల్లి, మాదిగపల్లెల్లోనే ఉందా? డెల్టాలో పొలం చీలిపోకూడదని, కట్నం బయటికి పోకూడదని ఇంటి పిల్లని ఇంట్లోనే కట్టబెట్టుకున్న భూస్వాముల కొంపలు ఎన్ని లేవు? మనకి చీలిపోయే పొలం లేదు. మేనమామ ఇంట్లో అయితే పిల్లని కొట్టరని, అన్నం పెడతారని ఇచ్చుకున్నాం. పొలం కోసం చేసుకుంటే అది సంప్రదాయం, పిల్ల బతుకు కోసం చేసుకుంటే అజ్ఞానం!

అసలు మాట ఇంకోటుంది. అంబేద్కర్ 1916లో కొలంబియా యూనివర్సిటీలో చదివిన వ్యాసంలో కులానికి ప్రాణం ఎక్కడుందో పట్టుకున్నాడు. లోపలివాళ్ళు లోపలే పెళ్ళి చేసుకోవడం, బయటికి పోనివ్వకపోవడం, అదే కులం. 1936లో కుల నిర్మూలన రాసినప్పుడు, కులం వల్ల రక్తం శుద్ధిగా ఉంటుందని, జాతి బాగుపడుతుందని వాదించినవాళ్ళని ఉతికి ఆరేశాడు. ఎనభై ఏళ్ళ తర్వాత హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి 2017లో ఒక పరిశోధన ప్రచురించారు. మన దేశం, చుట్టుపక్కల దేశాల్లో 260కి పైగా సమూహాల రక్తం చూశారు. అందులో 81 సమూహాలు ఎంతో కాలంగా గిరి గీసుకుని లోపల్లోపలే పెళ్ళిళ్ళు చేసుకోవడం వల్ల, పూర్వం ఏ ఒక్క మనిషిలోనో ఉన్న లోపం అందరిలోకీ పాకే ప్రమాదంలో ఉన్నాయని చెప్పారు. ఆ జాబితాలో మన తెలుగు వైశ్యులూ ఉన్నారు. ఆపరేషన్‌కి ముందు ఇచ్చే, కండరాలు సడలించే ఒక రకం మందు వాళ్ళలో కొందరికి పడదు, ఊపిరి కండరాలు చాలాసేపు తేరుకోవు. అది డాక్టర్లకి ఎప్పట్నుంచో తెలుసు. తలసీమియా కూడా సింధీల్లో, పంజాబీ ఖత్రీల్లో బాగా ఎక్కువ. వాళ్ళొస్తే "మీవాళ్ళలో అంతేగా" అంటారా?

కులమే పెద్ద మేనరికం. ఒక్క అక్క కూతురి సంబంధం కాదు, రెండు వేల ఏళ్ళుగా ఊరందరూ చేసుకుంటున్న మేనరికం. దాని గురించి ఏ కౌన్సెలింగ్ గదిలోనూ గోడ మీద బొమ్మ లేదు. "బయటి సంబంధం చేసుకోండి" అని మనకి సలహా చెబుతారు. చేసుకుంటే? 2018లో మిర్యాలగూడలో మన కుర్రాడు వేరే కులం పిల్లని చేసుకున్నాడు. కడుపుతో ఉన్న భార్యని ఆస్పత్రిలో చూపించుకుని బయటికొస్తుంటే, ఆ ఆస్పత్రి వాకిట్లోనే నరికి చంపారు. బయటి సంబంధం సలహా ఇచ్చేవాళ్ళు ఆ వాకిలి కూడా చూడాలి.

ఇలాంటి గదుల చరిత్ర మనకి తెలియాలి. అమెరికాలో నల్లవాళ్ళకి సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. రక్తకణం కొడవలిలా వంగిపోయే జబ్బు. తలసీమియాలాగే రెండు బద్దలూ తెలుపు పడితేనే జబ్బు, ఒకటి పడితే ఒట్టి క్యారియర్. అయినా 1970ల మొదట్లో అక్కడ కొన్ని రాష్ట్రాలు నల్లవాళ్ళకి పరీక్షలు బలవంతం చేశాయి. క్యారియర్‌కీ జబ్బు మనిషికీ తేడా చెప్పలేదు. ఒట్టి క్యారియర్లకి ఉద్యోగాలు రాలేదు, ఇన్సూరెన్స్ రాలేదు. వాయుసేన అకాడమీ 1981 దాకా క్యారియర్లని చేర్చుకోలేదు. అంతెందుకు, రెండు నోబెల్ బహుమతులు తీసుకున్న లైనస్ పౌలింగ్ మహాశయుడు, క్యారియర్ల నుదుటి మీద పచ్చబొట్టు పొడిస్తే ఒకర్నొకరు ప్రేమించుకోకుండా ఉంటారని 1968లో రాశాడు. నుదుటి గుర్తుల సంగతి మనకి ఒకరు చెప్పాలా? అదే కాలంలో బ్లాక్ పాంథర్లు ఏం చేశారు? ప్రభుత్వాన్ని తిట్టి ఊరుకోలేదు. 1971 నుంచి తమ పేటల్లో తామే ఉచిత వైద్యశాలల్లో పరీక్షలు చేశారు, తమవాళ్ళతో తమ భాషలో మాట్లాడారు. ఆ పాంథర్ల పేరే 1972లో బొంబాయిలో దళిత పాంథర్లు పెట్టుకున్నారు. పేరు తెచ్చుకున్నాం గానీ ఆ రక్తపరీక్షల సంగతి మనం తెచ్చుకోలేదు.

ఇప్పుడది మన గుమ్మంలోకే వచ్చింది. 2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. నలభై ఏళ్ళ లోపు ఏడు కోట్ల మందికి పరీక్షలు, 2047కి జబ్బు లేకుండా చెయ్యడం అన్నారు. మన ఎగువన రంపచోడవరం, చింతూరు ఏజెన్సీలో కోయదొరలు, కొండరెడ్లలో ఈ జబ్బు ఉంది. పరీక్ష చేసి కార్డు ఇస్తారు, పెళ్ళికి ముందు జాతకాలు కలిపినట్టు ఇద్దరి కార్డులూ కలిపి చూసుకోమంటారు. పరీక్షలు మేము కాదనం. రావాలి, ఇంకా రావాలి. మందులూ రావాలి. కానీ కార్డు ఇచ్చి మాట ఇవ్వకపోతే ఏం జరుగుతుంది? పెళ్ళిచూపుల్లో పిల్ల కార్డు అడుగుతారు, పిల్లాడి కార్డు ఎవరూ అడగరు. ఒక్క కార్డుతో ఏమీ తెలియదు, రెండూ చూస్తేనే లెక్క. ఇది గూడెంలో ఎవరు చెబుతున్నారు? కోయభాషలో ఎవరు చెబుతున్నారు? తెలుగు కాగితమే మనకి దక్కడం లేదంటే, వాళ్ళకి తెలుగు కూడా పరాయి కాగితమే.

ఇది శాపం కాదనీ చెప్పాలి. మలేరియా ఉన్న చోట్ల సికిల్ క్యారియర్లు మలేరియా నుంచి తప్పించుకుని బతికారని 1954లోనే ఆలిసన్ అనే డాక్టరు చూపించాడు. దోమలున్న అడవిలో ముత్తాతలు బతికి బట్టకట్టిన గుర్తు అది. పూర్వజన్మ పాపమని పూజారి, దేవుడి పరీక్ష అని పాస్టరు, అజ్ఞానం అని డాక్టరు. ముగ్గురూ ముగ్గురే.

"డెసిషన్ మీ ఇష్టం" అన్న మాట గురించి. చదువుకున్న మిత్రులు కొందరు మాతో వాదించారు. అది పెద్ద సిద్ధాంతమట. ఒకప్పుడు జర్మనీలో హిట్లర్ 1933లో చట్టం చేసి లక్షలమందికి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశాడు కాబట్టి, ఇప్పుడు కౌన్సెలర్లు ఇది చెయ్యి అది చెయ్యి అనకూడదు, నిర్ణయం మనిషికే వదలాలి అని. నిజమే. ఎమర్జెన్సీలో బలవంతపు ఆపరేషన్లు చూసిన దేశం మనది, ఎవడో ఆజ్ఞ వేస్తే ఒప్పుకోం. కానీ అప్పటిదాకా మేనరికమని చీవాట్లేసి, ఇంగ్లీషులో లెక్క చెప్పి, టైము చెప్పకుండా, చివర్న "మీ ఇష్టం" అనడం స్వేచ్ఛ ఇవ్వడమా? రేవులో పడవ విప్పేసి "ఎటైనా వెళ్ళు, నీ ఇష్టం" అన్నట్టుంది. తెడ్డు ఇచ్చి అంటే అది ఇష్టం. తలసీమియా బిడ్డ ఎలా బతుకుతాడు, ఇవాళ మందులతో ఎంత బాగా బతకొచ్చు, రక్తం ఎక్కడ దొరుకుతుంది, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసీమియా, సికిల్ సెల్, హీమోఫీలియా చేర్చారు కాబట్టి సదరం సర్టిఫికెట్ ఎలా తెచ్చుకోవాలి, పరీక్ష చేయించుకుంటే ఎప్పుడు, చేయించుకోకపోతే ఏమిటి, కడుపు ఉంచుకుంటే ఏమిటి, వద్దనుకుంటే చట్టం ఏమంటుంది, ఇవన్నీ చెప్పాలి. చెప్పాక అనాలి ఆ మాట.

చట్టం మనవైపే ఉంది, చదువుకోవాలి అంతే. స్కానింగ్ సెంటర్ల గోడల మీద బోర్డు కనిపిస్తుందే, ఆడా మగా చెప్పడం నేరమని, ఆ 1994 చట్టంలోనే అయిదో సెక్షన్ ఉంది. గర్భిణీకి పరీక్ష చేసేముందు దానివల్ల వచ్చే ఇబ్బందులన్నీ ఆమెకి వివరించాలి. ఆమెకి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఒప్పుదల తీసుకోవాలి. ఆ ఒప్పుదల కాగితం నకలు ఆమె చేతికివ్వాలి. "ఆమెకి అర్థమయ్యే భాష" అన్నది దయ కాదు, చట్టం. మీలో ఎంతమంది చేతికి ఆ నకలు వచ్చింది? 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, చేసేదేమిటో, వేరే దారేముందో, ప్రమాదమేమిటో రోగికి తెలిసేలా చెప్పి తీసుకున్న ఒప్పుదలే ఒప్పుదల అంది. గర్భస్రావం చట్టాన్ని 2021లో సవరించారు. ఇరవై వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు, బిడ్డకి లోపం ఉన్నప్పుడు ఇరవైనాలుగు వారాల దాకా ఇద్దరు డాక్టర్లు, ఆ పైన బిడ్డకి తీవ్రమైన లోపముంటే మెడికల్ బోర్డు. పద్దెనిమిదేళ్ళు నిండిన ఆడమనిషి అయితే ఆమె ఒప్పుదల ఒక్కటే చట్టం అడుగుతుంది. భర్త సంతకం కావాలని కూర్చోబెట్టడం చట్టంలో లేదు.

ఇక మన మగవాళ్ళకి ఒక మాట, కోపం తెచ్చుకున్నా సరే. ఈ రెండు జబ్బులూ రెండు బద్దల జబ్బులు. తండ్రి బద్ద తెలుపు పడకుండా బిడ్డకి జబ్బు రాదు. మరి రోగిష్టి బిడ్డని కన్నదని పుట్టింటికి తరిమేది ఎవర్ని? కౌన్సెలింగ్‌కి రమ్మంటే "నాకేం జబ్బు, నేనెందుకు" అని కల్లు దుకాణం వైపు నడిచేది ఎవరు? ఈమె భర్త మంచివాడు కాబట్టి రెండుసార్లూ వచ్చాడు. రానివాళ్ళ పేర్లు మా దగ్గర ఉన్నాయి, రాయం.

సంఘాల బాధ్యులకి కూడా. భూమి, కూలి, అట్రాసిటీ కేసు, ఇవే ఉద్యమమనుకున్నాం. ఆస్పత్రి వరండా మన లెక్కలో లేదు. అట్రాసిటీ కేసుకి స్టేషన్‌కి పదిమందిమి వెళ్తాం. చెల్లెలు కౌన్సెలింగ్‌కి వెళ్తే తోడు ఒక్కరు దొరకరు, దొరికినవాడు మాలాగా బస్సు చూసుకుంటాడు. రాష్ట్రం 2014లో విడిపోయాక నిమ్స్, సీడీఎఫ్‌డీ, బేగంపేటలో ఉస్మానియా యూనివర్సిటీవాళ్ళ జన్యువ్యాధుల ఆస్పత్రి అన్నీ హైదరాబాద్‌లోనే ఉండిపోయాయి. ఆపరేషన్‌కి ప్యాకేజీ రాసే ప్రభుత్వాన్ని, మాటకి ఒక మనిషిని పెట్టమని ఎవరైనా అడిగారా? గోదావరి జిల్లాల పెద్దాసుపత్రుల్లో తలుపున్న ఒక గది, తెలుగు తెలిసిన, ఏజెన్సీలో అయితే కోయ తెలిసిన, మనిషిని మనిషిగా చూడటం తెలిసిన కౌన్సెలర్ కావాలి. మన బిడ్డల్లో బీఎస్సీలు చదివి ఖాళీగా ఉన్న ఆడపిల్లలు ఎంతమంది లేరు? వాళ్ళకి నేర్పి ఆ కుర్చీలో కూర్చోబెట్టండి అని అడుగుదాం.

ఆ చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. ఏడాది నిండాక రక్తం పరీక్ష చేయించారు. పోయిన నెల రిపోర్టు పట్టుకుని సాయంత్రం బడికొచ్చింది. ఇంగ్లీషు కాగితమే. బీటా తలసీమియా మైనర్ అని రాసుంది.

"మైనరంటే ఎన్నేళ్ళ దాకా మాస్టారూ? పెద్దదైతే మేజరైపోద్దా?"

అవ్వదమ్మా, ఈ పిల్లకి జబ్బు లేదు, రాదు కూడా, నీలాగే ఉంటుంది అని చెప్పాం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "రేపు పెళ్ళికి ఈ కాగితం అడ్డమొస్తాదాండీ?" అబ్బాయి రక్తం కూడా పరీక్ష చేయించాకే మాట్లాడండి, ఆ కాగితం చూపించకుండా ఈ కాగితం చూపించొద్దు అన్నాం. ఈసారి మేమే అడిగాం, ఇంటికెళ్ళి మీ అత్తగారికి ఎలా చెబుతావో చెప్పమ్మా అని. చెప్పింది. ఒకచోట తప్పింది. మళ్ళీ చెప్పాం.

మీ ఇళ్ళల్లో, మీ పేటల్లో ఇలాంటి ఆస్పత్రి కాగితాలు, ముఖ్యంగా ఇంగ్లీషులో సంతకం పెట్టించుకున్న ఒప్పుదల కాగితాలు ఉంటే పేర్లు, అడ్రసులు కొట్టేసి జిరాక్సు తీసి పత్రికకి పంపండి. పక్కన ఒక ముక్క రాయండి: ఆ గదిలో మీకు ఏం చెప్పారు, మీకు ఏం అర్థమైంది. రాయడం రానివాళ్ళు మీ ఊరి బడిపిల్లల చేత రాయించండి.